టెర్మినల్‌లో ఫైల్ రంగుల్లో చూడటం ఎలా? బ్యాట్ ఇన్‌స్టాల్ చేసినా కమాండ్ లేదంటోంది

ఉబుంటు 22.04 (లినక్స్). పనంతా సర్వర్‌లో యామెల్ ఫైళ్లు (కీ, వాల్యూ జతలుగా సెట్టింగులు రాసే ఫైళ్లు) చదవడమే. ఫైల్‌ని తెరపై చూపించే క్యాట్ కమాండ్ కొడితే అంతా తెల్లగా ఒకటే ముద్ద, ఏది కీ ఏది వాల్యూ అని కళ్లు చికిలించుకుని వెతుక్కోవాలి. విమ్ ఎడిటర్‌లో తెరిస్తే పొరపాటున ఏదైనా నొక్కి సేవ్ అయిపోతుందేమోనని టెన్షన్. రంగుల్లో చూపించే బ్యాట్ అనే టూల్ బాగుంటుందంటే ల్యాప్‌టాప్‌లో ఆప్ట్‌తో (ఉబుంటులో ప్రోగ్రాములు వేసే కమాండ్) వేశాను, ఎర్రర్ ఏమీ రాలేదు, కానీ బ్యాట్ అని కొడితే కమాండ్ నాట్ ఫౌండ్. పైగా సర్వర్ క్లయింట్‌ది, అక్కడ ఏదీ ఇన్‌స్టాల్ చేయనివ్వరు. దారేమైనా ఉందా?

జవాబు 1
బ్రో, వచ్చేసింది, పేరే వేరు. బ్యాట్‌క్యాట్ అని కొట్టు. డెబియన్, ఉబుంటుల్లో బ్యాట్ అనే పేరు అప్పటికే ఇంకో ప్యాకేజీ వాడుకుంటోంది, అందుకని మార్చారు. బ్యాష్‌ఆర్‌సీలో (టెర్మినల్ సెట్టింగుల ఫైల్) బ్యాట్ అని ఏలియాస్, అంటే మారుపేరు, పెట్టుకుంటే సరి. లైన్ నంబర్లు, గీతలు వద్దనుకుంటే -పి.

జవాబు 2
సర్వర్‌లో ఏమీ వేయక్కర్లేదండి. రంగులు వేసే పని మీ ల్యాప్‌టాప్‌కి అప్పజెప్పండి: ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరంగా ఉన్న సర్వర్‌లో కమాండ్లు నడిపే దారి) అక్కడ క్యాట్ మాత్రం నడిపి, వచ్చినదాన్ని పైప్ (ఒక కమాండ్ ఇచ్చినదాన్ని ఇంకోదానికి అందించే | గుర్తు) పెట్టి ఇక్కడి బ్యాట్‌క్యాట్‌లోకి పంపండి. పైప్‌లో వచ్చేదానికి ఫైల్ పేరు ఉండదు కాబట్టి అది ఏ భాషో దానికి తెలియదు, -ఎల్ యామెల్ అని మీరే చెప్పాలి (ఇది మర్చిపోయి రంగులు రావట్లేదనేవాళ్లే ఎక్కువ). యామెల్ అంటున్నారు కాబట్టి ఇంకోటి, పెద్ద -ఏ పెట్టి చూడండి. స్పేస్ ఉన్న చోట చుక్క, ట్యాబ్ ఉన్న చోట గీత కనిపిస్తాయి. యామెల్‌లో ఇండెంటేషన్‌కి ట్యాబ్ పనికిరాదు కదా, దొంగ అక్కడే దొరుకుతాడు.

జవాబు 3
సర్వర్‌లోనే చూడాలంటే నానో ఎడిటర్‌ని నానో -వి అని తెరవండి. చూడటమే తప్ప మార్చనివ్వదు. విమ్‌లో అయితే అందుకే పెద్ద -ఆర్ ఉంది గానీ, కొన్ని సర్వర్లలో విమ్ టైనీ (విమ్ చిన్న వెర్షన్) ఒక్కటే ఉంటుంది, అందులో సింటాక్స్ రంగులు రావు. నా మటుకు నాకు ఇన్ని హంగులు అనవసరం, ఫైల్‌ని పేజీలుగా చూపించే లెస్ కమాండ్ చాలు.

అడిగినవారు
ఎస్‌ఎస్‌హెచ్ పైప్ అదిరింది, థ్యాంక్యూ అండి! ట్యాబ్ కూడా ఒకటి దొరికింది, 41వ లైన్‌లో. కాకపోతే నా టెర్మినల్ తెల్ల బ్యాక్‌గ్రౌండ్, కొన్ని అక్షరాలు అసలు కనిపించట్లేదు.

జవాబు 1
డిఫాల్ట్ థీమ్ నల్ల బ్యాక్‌గ్రౌండ్ కోసం బ్రో. --థీమ్‌తో గిట్‌హబ్ అని పెట్టు, తెల్లదానికి అదే బాగుంటుంది. నచ్చకపోతే --లిస్ట్-థీమ్స్ కొట్టు, అన్నీ నమూనాతో సహా చూపిస్తుంది.