అప్‌డేట్: పిల్లి దురద తగ్గింది, కారణం తిండి కాదు

మా పిల్లి తోక మొదలు దగ్గర బొచ్చు ఊడేలా నాకుతోందని, మెడ చుట్టూ చిన్న చిన్న పక్కులు కట్టాయని మూడు నెలల కిందట ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు, ముఖ్యంగా తడి కాగితం పరీక్ష చెప్పినవారికి.

దువ్వెనకు అంటిన నల్లని నలుసులను తడిపిన తెల్ల కాగితంపై దులిపితే, ఒక్కొక్క నలుసు చుట్టూ ఇటుక రంగు మరక వ్యాపించింది. అది మట్టి కాదు, పిల్లి బొచ్చులో ఉండి రక్తం తాగే ఫ్లీ అనే చిన్న పురుగుల రెట్ట! డాక్టరు కూడా వాటి లాలాజలానికి వచ్చిన అలర్జీయేనన్నారు. ఒక్క పురుగైనా నాకు కనబడలేదని వాదించాను. పిల్లి నాకినప్పుడు వాటిని మింగేస్తుందట. అలర్జీ ఉంటే కొన్ని కాట్లే చాలట.

నెలకోసారి మెడ వెనక వేసే మందు మా రెండో పిల్లికీ వేశాం. పక్కబట్టలు వేడినీళ్లలో ఉతికాం, సోఫా సందులన్నీ వాక్యూమ్ చేశాం. ఇంట్లో ఫ్లీ పిల్లపురుగులు కట్టుకున్న గూళ్ల నుంచి కొత్త పురుగులు వస్తూనే ఉంటాయి కాబట్టి మొదటి నెల పెద్దగా తేడా లేదు. ఇప్పుడు పక్కులు రాలి, బొచ్చు మొలుస్తోంది.

తిండి మార్చడం, కొబ్బరినూనె రాయడం మా విషయంలో దండగ. ఫంగస్ పరీక్షలోనూ ఏమీ తేలలేదు. ఒక్క హెచ్చరిక: కుక్కల ఫ్లీ మందు పిల్లికి వేయకండి. కొన్నింటిలో ఉండే పెర్మెత్రిన్ అనే పురుగుమందు పిల్లుల ప్రాణం తీయగలదు.