కౌంట్ 12, కదలిక 24 శాతం: యాంటీఆక్సిడెంట్ గోలీలు పనిచేస్తయా?

హన్మకొండ నుంచి ప్రశ్న:
అన్నలూ, పెళ్లై మూడేండ్లు. వీర్య పరీక్షల కౌంట్ మిల్లీలీటరుకు 12 మిలియన్లు, ముందుకు కదిలేవి 24 శాతం, ఆకారం బాగున్నవి 3 శాతం వచ్చినయి. కోక్యూ10, ఎల్-కార్నిటైన్, జింక్, సెలీనియం కలిసిన గోలీ మూడు నెలలకు రాసిన్రు. మందుల షాపుల ఇంకో మల్టీవిటమిన్ కూడా ఇచ్చిన్రు. రెండూ వాడాల్నా?

ల్యాబ్ టెక్నీషియన్, కాజీపేట:
తమ్మీ, ఒక్క రిపోర్టు మీద ఏదీ తేల్చొద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) 2021 లెక్కల కింది హద్దులు 16 మిలియన్లు, 30 శాతం, 4 శాతం. నీవి కొంచెం కిందున్నయి. అంతమాత్రాన పిల్లలు పుట్టరని కాదు. కొన్ని వారాలాగి మళ్లా చేయించు. పరీక్షకు ముందు వీర్యం పోకుండ 2 నుంచి 7 రోజుల ఎడం ఉండాలె, పోయినసారి ఎన్ని రోజులో ఈసారీ అన్నే. మొదటి చుక్కల్లోనే కణాలు ఎక్కువ, అవి డబ్బా బయట పడితే కౌంట్ ఉత్తగనే తగ్గుతది. పడితే దాచకుండా చెప్పు. ఇంటి నుంచి తెస్తే డబ్బాను అంగీ లోపల ఒంటికి ఆనించి గంటలోపు చేర్చాలె. ఎండకాలం బండి డిక్కీల పెడితే కదలిక పడిపోతది. వీర్యం తీసేటప్పుడు సబ్బు, నూనె, మామూలు కండోమ్ వద్దు. గడిచిన మూడు నెలల్లో గట్టి జ్వరమొచ్చినా కౌంట్ తగ్గుతది.

ఫార్మసిస్ట్, కరీంనగర్:
వీర్యకణం పొరల తొందరగా పాడయ్యే కొవ్వులు ఎక్కువ, బాగు చేసుకునే ఎంజైములు తక్కువ. ఫ్రీ రాడికల్స్ (ఒంట్ల పుట్టి కణాలను దెబ్బతీసే అణువులు) ఆ పొరను దెబ్బతీస్తే తోక మందగిస్తది, డీఎన్‌ఏ తెగుతది. యాంటీఆక్సిడెంట్లు వాటిని అణచుతయి, గోలీల వెనక ఆలోచన ఇదే. కానీ 2020ల అచ్చయిన మోక్సి అనే ట్రయల్‌ల (మందు పనిచేస్తదా అని మనుషుల మీద చూసే పరీక్ష) విటమిన్ సి, ఇ, సెలీనియం, కార్నిటైన్, జింక్, ఫోలిక్ యాసిడ్, లైకోపీన్ కలిపి ఇస్తే, మందు లేని గోలీ మింగినోళ్ల కన్నా మెరుగేమీ కనబడలె. అదే ఏడు 2,370 జంటలతో జరిగిన మరో ట్రయల్‌ల రోజూ 30 మిల్లీగ్రాముల జింక్, 5 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆరు నెలలిచ్చినా కాన్పులు పెరగలె, డీఎన్‌ఏ తెగుడు కాస్త ఎక్కువైంది. కణం అండంల చొరబడాలంటే ఫ్రీ రాడికల్స్ కొన్ని కావాలె, అన్నిటినీ తుడిచేస్తే నష్టమే.

కాబట్టి రెండు డబ్బాల లేబుళ్లు పక్కపక్కన పెట్టి కూడు. జింక్ రోజుకు 40 మిల్లీగ్రాములు, సెలీనియం 400 మైక్రోగ్రాములు దాటొద్దు. జింక్ చానా రోజులు ఎక్కువైతే ఒంట్ల రాగి తగ్గి రక్తహీనత వస్తది, సెలీనియం ఎక్కువైతే జుట్టు ఊడుతది, గోర్లు పెళుసైతయి. డాక్టర్ రాసింది ఒక్కటే వాడు. రక్తం పలుచన చేసే మందులుంటే విటమిన్ ఇ సంగతి ముందే అడుగు.

యూరాలజీ డాక్టర్, వరంగల్:
గోలీ కంటే ముందు కారణం వెతకాలె. నిలబెట్టి, ఊపిరి బిగబట్టించి చేత్తో చూస్తే వేరికోసీల్ (వృషణాల పైన ఉబ్బిన నరాలు) తెలుస్తది. చేతికి తగిలేదైతే ఆపరేషన్‌తో లాభముంటది, స్కాన్‌ల మాత్రమే కనబడేదానికి వద్దు. సిగరెట్, గుట్కా పూర్తిగ బంద్ చెయ్యాలె. పొయ్యి కాడ, బట్టీ కాడ పనైతే మధ్యమధ్య చల్లటి చోట నిలబడు. జిమ్‌ల టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్) సూదులు వేసుకుంటే కౌంట్ సున్నాకు కూడా పోతది. కణం తయారీకే దాదాపు 74 రోజులు, అందుకే ఏది మార్చినా ఫలితం మూడు నెలలకు చూడాలె. భార్య వయసు 35 దాటితే మాత్రం ఆగొద్దు, ఆమె పరీక్షలు ఇప్పుడే మొదలుపెట్టండి.

హన్మకొండ నుంచి:
రిపోర్టుల పస్ సెల్స్ 8-10 అనుంది. సంగతేంది సార్?

యూరాలజీ డాక్టర్, వరంగల్:
ఆ గుండ్రటి కణాలన్నీ చీము కణాలే కావు, ముదరని వీర్యకణాలు కూడా అట్లనే కనబడ్తయి. తెల్ల రక్తకణాలను (చీము కణాలను) వేరుగ చూపే పెరాక్సిడేజ్ రంగు పరీక్ష చేయించు. తెల్ల రక్తకణాలు మిల్లీలీటరుకు 10 లక్షలు దాటితే కల్చర్ (క్రిములను పెంచి చూసే పరీక్ష) చెయ్యాలె, ఎందుకంటే ఫ్రీ రాడికల్స్ ఎక్కువగ పుట్టించేటియి అవే. కల్చర్‌ల క్రిమి దొరికితేనే యాంటీబయాటిక్.