నవల మొదటి ప్రతిని ఎక్కడి నుంచి దిద్దాలి?

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. రెండేళ్లుగా రాస్తున్న నవల మొన్న ఉగాదికి ముగిసింది. టైప్ చేస్తే 310 పేజీలు వచ్చింది. వానల్లేక బెంగళూరుకు వలసపోయిన చెనిక్కాయ (వేరుశనగ) రైతు కుటుంబం కథ.

నెల రోజులు పక్కన పెట్టి మళ్లీ చదివితే తల తిరిగింది. కథ 2018లో నడుస్తుంటే ఒకాయన 'మాది సత్యసాయి జిల్లా' అంటాడు. ఆ జిల్లా వచ్చిందే 2022 ఏప్రిల్‌లో! ఇంకోచోట వానమీద వేసిన చెనిక్కాయను సంక్రాంతికి పీకించాను. చదివి వినిపిస్తే మా అమ్మ ఒకటే నవ్వు. 'జూన్, జులైలో ఇత్తనమేస్తే దీపావళికంతా కాయ ఇంటికి రాదా?' అంది. సరే, ఇవి దిద్దుకోగలను.

అసలు టెన్షన్ యాసతోనే. మొదటి 100 పేజీల్లో తాత 'యాడికి పోతాండావురా' అంటాడు. తర్వాత అదే తాత, పట్నంలో చదువుకొచ్చినట్టు, 'ఎక్కడికి వెళ్తున్నావు' అంటున్నాడు. మాటలు సీమ యాసలో ఉంటే చాలా, కథనం కూడా అలాగే నడపాలా? మిగతా జిల్లాలవాళ్లు ఎక్కడైనా తడబడతారా?

ఇంకొకటి. వాక్యం వాక్యం చెక్కుతూ 40 పేజీలు వచ్చాక, ఆ అధ్యాయమే అక్కర్లేదేమో అనిపించింది. వారం రోజుల పని గంగలో కలిసినట్టే. మీరైతే ముందు కథ అమరిక తేల్చుకుని, తర్వాత భాష జోలికి వెళ్తారా?

మొహమాటం లేకుండా చదివి చెప్పేవాళ్లను ఎలా పట్టుకోవాలో కూడా చెప్పండి. మా స్నేహితులు 'సూపర్ మామా' దాటి రావడం లేదు.