పాప పాలు కక్కుతోంది, గుండెకేమైనా అవుతుందా?

లక్కీ మమ్మీ: మా పాపకి మూడో నెల. తాగిన ప్రతిసారీ కాసిన్ని పాలు కక్కేస్తుంది, ఒక్కోసారి ముక్కులోంచి కూడా వస్తాయి. డాక్టర్ గారు రిఫ్లక్స్ (కడుపులోని పాలు, యాసిడ్ పైకి ఎగదన్నడం) అన్నారు, బరువు బాగానే పెరుగుతోందని మందేమీ రాయలేదు. కానీ రాత్రిపూట కక్కాక ఎత్తుకుంటే గుండె దడదడా కొట్టుకోవడం నా చేతికి తెలుస్తోంది. ఈ యాసిడ్ వల్ల గుండె దెబ్బతింటుందా? అత్తగారేమో వసకొమ్ము అరగదీసి నాకిద్దామంటారు, పక్కింటావిడ వాళ్ళ బాబుకి వాడగా మిగిలిన డోంపెరిడోన్ అనే వాంతుల మందు చుక్కలు ఇచ్చి వెళ్ళింది. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదండీ.

పిల్లల వార్డు నర్సు: గుండెకేం కాదమ్మా. పైకొచ్చే యాసిడ్ అన్నవాహికలోనే ఉంటుంది, గుండె పక్కనే ఉన్నా అందులోకి దారి లేదు. ఈ వయసులో గుండె నిమిషానికి 100 నుంచి 160 సార్లు కొట్టుకోవడం మామూలే, ఏడిస్తే ఇంకా పెరుగుతుంది. అన్నవాహిక అడుగున ఉండే కండరం ఇంకా గట్టిపడలేదు, అంతే. నాలుగో నెల దాకా కక్కడం ఎక్కువై, ఏడాది, ఏడాదిన్నరకల్లా చాలామందికి పోతుంది.

నెల్లూరు అమ్మ: మాకు తిరగబడింది కథ. బాబు రెండు నిమిషాలు తాగి అలసిపోయి వదిలేసేవాడు, ఫ్యాన్ కింద కూడా నుదుటి మీద చెమట, డొక్కలు ఎగరేసేవాడు. చూసినవాళ్ళంతా గ్యాస్ అనేవాళ్ళు, బరువు మాత్రం పెరగలేదు. ఎకో (గుండె స్కాన్) తీస్తే గుండెలో రంధ్రం. రిఫ్లక్స్ గుండెని పాడుచేయదు గానీ, గుండె జబ్బు రిఫ్లక్స్‌లా కనిపించవచ్చు. మీ పాప తాగేటప్పుడు ఒకసారి నుదురు తడిమి చూడండి.

మందుల షాపాయన: ఆ చుక్కలు మాత్రం వేయకండి. నిజానికి గుండె గురించి ఆలోచించాల్సింది అక్కడే, డోంపెరిడోన్ కొందరిలో గుండె లయని దెబ్బతీస్తుంది, ఎరిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ తోడైతే ఆ ప్రమాదం పెరుగుతుంది. ఇదే పనికి వాడిన సిసాప్రైడ్‌ని ఈ కారణంతోనే మన దేశంలో 2011లో నిషేధించారు. వస కూడా వద్దు, దానికే వాంతులవుతాయి, అత్తగారికి డాక్టర్ చేత చెప్పించండి, మీరు చెబితే వినరు.

లక్కీ మమ్మీ: చెమట లేదండీ, ఆపకుండా తాగుతుంది. తల కింద దిండు పెట్టొచ్చా?

పిల్లల వార్డు నర్సు: వద్దు. చదునుగా, వెల్లకిలా పడుకోబెట్టండి. తాగాక ఓ 20, 30 నిమిషాలు నిలువుగా ఎత్తుకుని త్రేన్పు రానివ్వండి. పసరు వాంతి, రక్తం, పిచికారీలా దూరం పడే వాంతి, పెదాలు నీలంగా మారడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు.