అప్పుడు ఆదుకున్న స్నేహితుడు ఇప్పుడు చీటీ ష్యూరిటీ అడిగితే సంతకం పెట్టాలా?

పెన్నా గట్టు, నెల్లూరు
ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల వయసులో గది అద్దె పంచుకున్నవాళ్లు, పరీక్ష ఫీజు కట్టినవాళ్లు, జ్వరమొస్తే ఆస్పత్రిలో పక్కనే పడుకున్నవాళ్లు అందరికీ ఒకరిద్దరు ఉంటారు. ముప్ఫై దాటేసరికి ఒకరిది నెల జీతం, ఇంకొకరిది వ్యాపారం. చీటీ పాడుకున్నవాడు ఎవరి దగ్గరికి వస్తాడు? జీతం సర్టిఫికెట్ ఉన్న స్నేహితుడి దగ్గరికే. ఆరోజు వాడు లెక్క చూడలేదు. ఈరోజు మనం లెక్క తీస్తే అది కృతఘ్నత అంటాను. కాదనేవాళ్లు చెప్పండి. రిజిస్టరైన చీటీల గురించే మాట్లాడదాం, ఇళ్లల్లో వేసే చీటీలు వద్దు.

మూలపేట వకీలు
లెక్క చూడాల్సిందే. ఎంతకి సంతకం పెడుతున్నారో సగం మందికి తెలియదు. 5 లక్షల చీటీ, 50 మంది, 50 నెలలు, నెలకు 10,000 అనుకుందాం. పదో నెలలో లక్ష తగ్గించి పాడితే చేతికొచ్చేది 4 లక్షలు. తగ్గించిన లక్షలో ఫోర్‌మన్ (చీటీ నడిపే కంపెనీ) కమీషన్ చీటీ మొత్తం మీద 5 శాతం చొప్పున 25,000 పోతుంది (2019 సవరణ తర్వాత 7 శాతం దాకా తీసుకోవచ్చు). మిగతా 75,000 తలా 1,500 చొప్పున డివిడెండ్. ఇక మీ సంగతి: ఇంకా 40 వాయిదాలున్నాయి, అంటే 4 లక్షలకు మీరు పూచీ. నెలనెలా డివిడెండ్ వల్ల అది కొంత తగ్గుతుందనుకుంటారు. వాయిదా తప్పినవాడికి డివిడెండ్ ఇవ్వబోమని చాలా ఒప్పందాల్లో రాసి ఉంటుంది, చదవండి.

1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం బాకీదారుడికి ఎంత బాధ్యతో ష్యూరిటీకీ అంతే. ముందు అతన్ని అడిగి, అతని దగ్గర రాకపోతేనే మీ దగ్గరికి రావాలన్న నియమం లేదు. వాయిదాలు తప్పితే మిగిలినవన్నీ ఒకేసారి కట్టమని కంపెనీ నోటీసివ్వొచ్చు. తగాదా సివిల్ కోర్టుకు కాదు, చీటీల రిజిస్ట్రార్ ముందుకు వెళ్తుంది. అక్కడ అవార్డు, అంటే తీర్పు, వచ్చాక జీతం జప్తు. జప్తు చేయదగ్గ జీతం 46,000 ఉంటే మొదటి 1,000 వదిలేసి, మిగిలిన 45,000లో మూడో వంతు, నెలకు 15,000 పోతుంది. ఒక డిక్రీ కింద 24 నెలలకు మించి కోయకూడదు. అయినా 3 లక్షల 60 వేలు.

కావలి ఫీడు షాపు
వకీలు గారు చెప్పింది నిజమే గానీ, ఎగ్గొట్టాలని ఎవరూ పాడుకోరు సామీ. వాయిదా నెలనెలా కట్టాలి, రొయ్యల డబ్బు పంట పడితేనే. వనామీ మూడు, నాలుగు నెలల పంట. మధ్యలో తెల్లమచ్చ తెగులు తగిలితే ఉన్నకాడికి అయినకాడికి పట్టేయాల్సిందే. ఆ తర్వాత ఫీడు బాకీ, కరెంటు బిల్లు, ఆ తర్వాతే చీటీ. ఒంగోలు వైపు పొగాకు రైతుకీ ఇదే కథ, వేలం సాగే నెలల్లోనే చేతిలో డబ్బు. అందుకని సంతకం పెట్టబాకండి అనను. పాట డబ్బు తీసుకున్న రోజే ఆరు వాయిదాల సొమ్ము, 60,000, వేరే ఖాతాలో వేయించండి. పంట అమ్మిన ప్రతిసారీ ఆ ఖాతాని మళ్లీ ఆరు వాయిదాలకి నింపాలి. ఈమాత్రానికి ఒప్పుకోని స్నేహితుడు ఎంత దగ్గరివాడైనా సరే, పెన్ను మూసేయండి.

ఒంగోలు టీచరమ్మ
ఆయన ఏ రూపంలో అడిగితే ఆ రూపంలోనే రుణం తీర్చాలని ఎక్కడుంది? మీ ఊరి రొట్టెల పండగే చూడండి. స్వర్ణాల చెరువు దగ్గర కోరిక తీరినవాళ్లు మరుసటేడు రొట్టె ఇచ్చేది అదే కోరికతో వచ్చిన కొత్తవాళ్లకి. ష్యూరిటీ పెట్టలేనివాళ్లు, పోయినా బాధపడనంత డబ్బు నేరుగా ఇచ్చేయొచ్చు. కాకపోతే ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో స్నేహితుడు బంధువు కాడు. ఏడాదిలో ఇలా వచ్చిన మొత్తం 50,000 దాటితే అంతా అతని ఆదాయం కింద లెక్క (పెళ్లి కానుకకి మినహాయింపు ఉంది). అంతకు మించితే అప్పుగా రాసుకోవడం మేలు. 20,000, ఆపైన అప్పు నగదుగా వద్దు, ఖాతా నుంచి ఖాతాకే.

పెన్నా గట్టు
మేడమ్, వాయిదా గడువు నెత్తి మీదున్నవాడికి పండగ గురించి చెబితే వింటాడా? ప్రోనోటు రాయించుకున్నాక ఇంకేం స్నేహం?

మూలపేట వకీలు
ప్రోనోటు లేని అప్పే స్నేహాల్ని ఎక్కువ చెడగొడుతుంది, ఎవరికెంత గుర్తుంటే అంత కాబట్టి. తేదీ, తండ్రి పేరుతో సహా ఇద్దరి పేర్లు, మొత్తం అంకెల్లో, అక్షరాల్లో, వడ్డీ ఉంటే రేటు, రెవెన్యూ స్టాంపు మీదుగా సంతకం. వడ్డీ వద్దనుకుంటే ఆ మాటే రాయండి. గడువు 3 ఏళ్లు. ఆలోపు కొంత చెల్లిస్తే నోటు వెనక అతని సంతకంతో చెల్లు వేయిస్తే అప్పటినుంచి మళ్లీ 3 ఏళ్లు. గడువు దాటాక వేయించిన చెల్లు దీనికి పనికిరాదు.

చీటీ ఆఫీసు పాత గుమాస్తా
సంతకం పెట్టే తీరుతామనేవాళ్లకి నాలుగు ముక్కలు. ఖాళీ ఫారం మీద, మొత్తం వేయని చెక్కు మీద పెట్టొద్దు. గ్రూపు నంబరు, టికెట్ నంబరు, మిగిలిన వాయిదాలు, మొత్తం నింపాకే సంతకం, దాని జిరాక్సు మీ దగ్గర. ఒంటరిగా ఉండొద్దు, ఇంకో ఇద్దరు ష్యూరిటీలని అడగండి. కంపెనీ మీ ఒక్కరి దగ్గరే అంతా వసూలు చేసినా, మిగతా ఇద్దరి వాటాలు వాళ్లనుంచి రాబట్టుకునే హక్కు మీకుంటుంది.

అసలు చెడేది కబురు అందకపోవడం దగ్గర. నోటీసు పాత అద్దె ఇంటికి పోతుంది, స్నేహితుడు మొహమాటపడి ఫోను ఎత్తడు, తెలిసేసరికి అయిదారు వాయిదాలు, వాటి మీద వడ్డీ. ఒక్క వాయిదా తప్పినా నాకు తెలపండని బ్రాంచికి లెటరిచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. మీరు కట్టాల్సి వస్తే మీ ఖాతాలోంచి కట్టి మీ పేరున రసీదు తీసుకోండి. ఆ రసీదే రేపు స్నేహితుడి నుంచి రాబట్టుకోవడానికి ఆధారం, కట్టిన రోజునుంచి 3 ఏళ్లలోపు. చీటీ ముగిశాక చెక్కులు వెనక్కి తీసుకోవడం మరవొద్దు.

పెన్నా గట్టు
షరతులకి నేను అడ్డం కాదు. కాదని చెప్పేవాళ్లు మాత్రం పాటకి ముందే చెప్పండి. చూద్దాంలే అని నాన్చి, పాడుకున్నాక తప్పుకుంటే డబ్బు కంపెనీ దగ్గరే ఆగిపోతుంది, వాయిదాలు మాత్రం వాడు కడుతూనే ఉండాలి. లక్ష తగ్గించుకున్నదీ వృథానే. ష్యూరిటీ పెట్టనివాడికంటే ఇట్లా నాన్చినవాడే ఎక్కువ అన్యాయం చేసినట్టు.

చీటీ ఆఫీసు పాత గుమాస్తా
ఇందులో మాత్రం మీతో ఏకీభవిస్తాను. ఒకవేళ అలా ఇరుక్కుంటే బంగారం, ఫిక్స్‌డ్ డిపాజిట్, స్థలం కాగితాలు హామీగా తీసుకుంటారేమో బ్రాంచిలో అడగమనండి. ఏదీ లేకపోతే రాబోయే వాయిదాల మొత్తం మినహాయించుకుని మిగిలింది ఇమ్మని అడిగే హక్కు చట్టంలో ఉంది, దానికి ష్యూరిటీ అక్కర్లేదు. కాకపోతే పదో నెల పాటలో ఆ మిగిలేది దాదాపు సున్నా. నలభయ్యో నెల తర్వాత పాడుకున్నవాళ్లకే అది పనికొచ్చేది.