అప్‌డేట్: ట్రైలర్ కిట్ మీద క్యాంపింగ్ డబ్బా

బోల్టులతో బిగించే సామాన్ల ట్రైలర్ కిట్ మీద ఇద్దరు పడుకునే డబ్బా కట్టాలంటే ఫ్రేమ్ ఎక్కడ గట్టి చేయాలి అని అడిగాను కదా, ఆ పని అయిపోయింది. మీరన్నట్టే ట్రైలర్‌ను మడిచేందుకు ఫ్రేమ్‌లో ఉండే మడత కీలు తీసేయించి, వరంగల్‌లోనే ఒక వెల్డింగ్ షాపులో ముందు పైపు మార్పించాను, ఇప్పుడది బండికి తగిలించే హుక్ నుంచి యాక్సిల్ దాకా ఒకటే చదరపు పైపు, మధ్యలో అతుకే లేదు. అసలు బలమంతా అక్కడే ఉంది! వెల్డింగ్‌కు ముందు జింకు పూత గ్రైండర్‌తో మొత్తం గీకించాం, దాని పొగ మంచిది కాదు.

మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హుక్ మీద పడాలని బ్యాటరీ, నీళ్ల క్యాన్లు యాక్సిల్‌కు ముందే పెట్టాను, తూకం సరిపోయింది.

ట్రైలర్‌కు విడిగా రిజిస్ట్రేషన్ కావాలి, అదయ్యాకే లక్నవరం చెరువుకు ట్రిప్. ఇలా చేయించుకున్నవాళ్లు ఏ కాగితాలు పెట్టారో చెప్పండి అన్నా.