పదిహేను వేలలో మొదటి ఆర్‌సీ విమానం (బాబుకా, నాకా అని అడక్కండి)

నిజాంపేట_నాన్న:
అందరికీ నమస్కారం. మావాడికి పదకొండేళ్ళు. పుట్టినరోజుకి రిమోట్ విమానం కావాలన్నాడు. నిజం చెప్పాలంటే వాడికంటే నాకే ఎక్కువ సరదా. చిన్నప్పుడు లెక్కల నోటుబుక్కు చింపి విమానాలు చేసి నాన్న చేతిలో తన్నులు తిన్నవాణ్ణి. ఆన్‌లైన్‌లో స్పిట్‌ఫైర్ అనే పాత యుద్ధ విమానం మోడల్ ఒకటి చూశాను, భలే ముచ్చటగా ఉంది. అదే కొనేయమంటారా? బడ్జెట్ 15 వేలు. ఇంటి వెనక ఖాళీ ప్లాట్లున్నాయి, అక్కడే ఎగరేసుకుంటాం. గాలిపటం తప్ప ఇంతవరకూ ఏదీ ఎగరేసింది లేదు. లైసెన్సు లాంటిదేమైనా కావాలా?

డెల్టా_గాలి (తెనాలి):
స్పిట్‌ఫైర్ మీద మనసు పడనివాడెవడండీ! నా మొదటిదీ అలాంటిదే. మా మావయ్య గారి పొలం గట్టు మీద నిలబడి విసిరితే పదకొండు సెకన్లు ఎగిరింది. మా బావమరిది వీడియో తీశాడు కాబట్టి లెక్కలో తేడా లేదు. పన్నెండో సెకనుకి పక్కాయన మినప చేలో ముక్కలు ఏరుకుంటున్నాను. (మా వైపు వరి కోయకముందే మినుములు చల్లేస్తారు. కోతలయ్యాయి కదా, పొలం ఖాళీ అనుకుంటే పొరపాటే. ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.)

ఎందుకు పడిందో తర్వాత తెలిసింది. ఆ యుద్ధ విమానాల మోడళ్ళకి వేగం ఉండాలి. తగ్గితే ఒక రెక్క టక్కున జారి బోర్లా పడతాయి. కొత్తవాడు భయంతో నెమ్మదిగానే నడుపుతాడాయె!

మీరు కొనాల్సింది చూడ్డానికి అంత బాగోనిది. ఫోమ్‌తో చేసింది, రెక్క పైన ఉండేది, రెక్కల కొసలు కాస్త పైకి లేచి ఉండేది. అలాంటిది ఒరిగినా, స్టిక్ (రిమోట్ మీద బొటనవేలితో కదిపే పుల్ల) వదిలేస్తే చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది. మొదట మూడు ఛానెళ్ళు చాలు: మోటారుకి ఒకటి, పైకీ కిందికీ ఒకటి, పక్కలకి ఒకటి.

అసలు కుస్తీ వేరే ఉంది. విమానం మీ నుంచి దూరంగా పోతున్నంతసేపూ అంతా బాగానే ఉంటుంది. మీ వైపు తిరిగిందా, కుడిఎడమలు తారుమారు. బుర్రకి తెలుస్తుంది, బొటనవేలికి తెలియదు. నాకు మూడు నెలలు పట్టింది. మాతో ఎగరేసే ఒక పెద్దాయన, రైల్వేలో రిటైరయ్యారు, చివరికి ఒక్క ముక్క చెప్పారు: ఎదురొస్తున్నప్పుడు ఏ రెక్క వాలిందో చూడు, స్టిక్ అటే నెట్టు, ఒరిగే గోడకి ఊతం పెట్టినట్టు. ఆ రోజు నుంచి దారిలో పడ్డాను. ముందు రిమోట్‌ని కంప్యూటర్‌కి కలిపి సిమ్యులేటర్‌లో (తెర మీద విమానం నడిపే ఆటలాంటిది) ఓ పది గంటలు ఆడండి. అక్కడ కూలితే డబ్బులు పోవు.

విసిరేముందు బ్యాలెన్సు చూడండి. రెక్క వెడల్పులో ముందు అంచు నుంచి పావు వంతు, మహా అయితే మూడో వంతు దగ్గర, కింద రెండు వేళ్ళు పెట్టి ఎత్తండి. సమంగా గానీ, ముక్కు కాస్త కిందికి గానీ ఉండాలి. తోక దిగిపోతుంటే మాత్రం విసరకండి, బ్యాటరీని ముందుకు జరపండి. పొద్దున్నే ఎనిమిదిలోపు, గాలికి ఎదురుగా.

ప్లాట్లలో వద్దు. తీగలు, డాబాలు, జనం. నా రెండో విమానం తాటిచెట్టెక్కి కూర్చుంటే, కల్లు గీసే ఆయన వచ్చేదాకా రెండు రోజులు కింద కాపలా కాశాను.

సోల్డర్_పొగ:
గాలి గారు బ్యాటరీ సంగతి వదిలేశారు. పిల్లాడున్న ఇంట్లో అదే ముందు చూడాలి. ఈ విమానాల్లో వాడే లిథియం బ్యాటరీని లైపో అంటారు. దాంట్లో ఒక్కో సెల్ నిండితే 4.2 వోల్టులు. వాడకుండా దాచేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. 3.5కి రాకముందే విమానం దించేయండి. ఉబ్బినదాన్ని మళ్ళీ ఛార్జింగ్ పెట్టొద్దు. ఛార్జింగ్ పెట్టి నిద్రపోవడం అసలే వద్దు. ముందు రిమోట్ ఆన్ చేసి, ఆ తర్వాతే విమానానికి బ్యాటరీ తగిలించండి. తీసేటప్పుడు ముందు బ్యాటరీ. ఇంట్లో టెస్ట్ చేసేటప్పుడు ప్రొపెల్లర్ ఊడదీయండి. తీయనందుకు నా చూపుడువేలికి మూడు కుట్లు.

లైసెన్సు సంగతి: 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 2 కిలోల లోపుది సరదాకి ఎగరేస్తే పైలట్ లైసెన్సు అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ నిబంధనలు కొనేముందే చూసుకోండి. అయితే ఎక్కడ పడితే అక్కడ కుదరదు. మీకు దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ అట్టే దూరం కాదు. డిజిటల్ స్కై అనే ప్రభుత్వ వెబ్‌సైటులోని డ్రోన్ల మ్యాపులో మీ చోటు రంగు చూడండి. గ్రీన్ జోన్‌లో అయితే మామూలుగా 400 అడుగుల వరకూ పర్వాలేదు, ఎయిర్‌పోర్టుకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 వరకే. రెడ్ అయితే ఆ ఆలోచనే మానేయండి.

నిజాంపేట_నాన్న (ఆరు వారాల తర్వాత):
గాలి గారూ, సోల్డర్ గారూ, థాంక్స్. మ్యాపు చూశాక ప్లాట్ల ఆలోచన మానేశాం. ఆదివారాలు ఊరు దాటి గ్రీన్ జోన్‌లో ఒక బీడుకి వెళ్తున్నాం. సిమ్యులేటర్‌లో నేను ఇరవై మూడు సార్లు కూల్చాను, మావాడు నాలుగుసార్లు. ఇప్పుడు రిమోట్ వాడి దగ్గర, పరిగెత్తి విమానం తెచ్చే డ్యూటీ నాది. నిన్న దిగేటప్పుడు ముక్కు దగ్గర విరిగింది. గ్లూ గన్ సరిపోతుందా?

డెల్టా_గాలి:
సరిపోతుంది. గన్ మరీ వేడెక్కకుండా చూసుకోండి. థర్మోకోల్ రకమైతే చిటికెలో అతుక్కునే మామూలు గమ్ వేయకండి, కరిగి గుంట పడుతుంది. అతికించాక బ్యాలెన్సు మళ్ళీ చూడండి, గమ్ము బరువు మీరనుకున్నంత తక్కువేం కాదు.